నాలుగు కౌంటర్ల ప్రయాణం: గొడవల వేళ వీసా రన్

థాయ్‌లాండ్‌లో కొన్నాళ్లు ఉన్న విదేశీయులెవరికీ వీసా రన్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో గడువు దగ్గరపడుతుంది. తెల్లవారుజామున బ్యాంకాక్‌లో వ్యాన్ ఎక్కితే, తూర్పున ఓ 250 కిలోమీటర్ల దూరంలో అరణ్యప్రథేట్ వస్తుంది. అక్కడ గేటు దాటితే కంబోడియా ఊరు పోయిపెట్. అక్కడ కాలు పెట్టి, కంబోడియా స్టాంపు కొట్టించుకుని, వెనక్కి తిరిగి వస్తే థాయ్‌లాండ్ మళ్లీ కొత్త గడువు ఇస్తుంది. సాయంత్రానికి ఇంటికి చేరిపోవచ్చు. ఏళ్ల తరబడి ఇది కరెంటు బిల్లు కట్టి వచ్చినంత మామూలు పనిగా నడిచింది.

2025లో ఆ గేటు మూతపడింది. అది ఒక్క పూటలో జరిగింది కాదు. ఆ సంవత్సరం మే 28న సరిహద్దులో చోంగ్ బోక్ దగ్గర రెండు సైన్యాల మధ్య కాల్పులు జరిగి ఒక కంబోడియా సైనికుడు చనిపోయాడు. జూన్ మొదటి వారం దాటాక గేట్ల అదుపు థాయ్ సైన్యం చేతికి వెళ్లింది, తెరిచి ఉంచే వేళలు కుదించారు. జూన్ మధ్యలో అప్పటి థాయ్ ప్రధాని పేటోంగ్టార్న్ షినవత్రకీ, కంబోడియా మాజీ ప్రధాని హున్ సేన్‌కీ మధ్య జరిగిన ఫోన్ సంభాషణ బయటికి పొక్కి బ్యాంకాక్ రాజకీయం అల్లకల్లోలమైంది. జూన్ 23న థాయ్‌లాండ్ కంబోడియా వైపు గేట్లన్నిటినీ మామూలు ప్రయాణికులకి మూసేసింది. చదువుకునే పిల్లలు, వైద్యం కోసం వచ్చేవాళ్లు లాంటి కొందరికే మినహాయింపు. జూలై 24న యుద్ధమే మొదలైంది. ఎఫ్-16 యుద్ధ విమానాలు ఎగిరాయి, రాకెట్లు పడ్డాయి, లక్షల మంది ఊళ్లు వదిలి వెళ్లారు.

అంటే మే 28 నుంచి జూన్ 23 దాకా, దాదాపు నాలుగు వారాల పాటు, ఆ గేటు తాను మూసుకోబోతున్నట్టు చెబుతూనే ఉంది. అయినా చాలామందికి వినపడలేదు. అందుకు వాళ్లని మరీ తప్పుపట్టలేం. 2011లో ప్రేహ్ విహియర్ గుడి దగ్గర ఇవే రెండు సైన్యాలు ఫిరంగులు పేల్చుకున్నప్పుడు కూడా, అక్కడికి దూరంగా ఉన్న పోయిపెట్ గేటు దగ్గర జనం వస్తూ పోతూనే ఉన్నారు. 'వాళ్ల గొడవ వాళ్లది, మన స్టాంపు మనది' అనే ధీమా అలా పాతుకుపోయింది.

ఈ చిక్కు అర్థం కావాలంటే వీసా రన్‌ని ఒక ప్రయాణంగా చూడటం మానేసి, నాలుగు కౌంటర్లుగా చూడాలి. మొదటిది థాయ్‌లాండ్ ఎగ్జిట్. రెండోది కంబోడియా ఎంట్రీ. మూడోది కంబోడియా ఎగ్జిట్. నాలుగోది థాయ్‌లాండ్ ఎంట్రీ. రెండు కౌంటర్లు ఒక ప్రభుత్వానివి, రెండు ఇంకో ప్రభుత్వానివి. మామూలు రోజుల్లో ఈ నాలుగూ ఒకదాని వెనక ఒకటి చకచకా గడిచిపోతాయి కాబట్టి అవి నాలుగని మనకి తట్టదు. గొడవలొచ్చినప్పుడు మాత్రం వీటిలో ఏదైనా విడిగా మూతపడొచ్చు, అదీ మీరు ముందు కౌంటర్ దాటేశాక.

మొదటి కౌంటర్ దగ్గరే ఆపేస్తే అది అన్నిటికంటే చిన్న కష్టం. మీరింకా థాయ్‌లాండ్‌లోనే ఉన్నారు, పాత గడువు ఎంత మిగిలి ఉంటే అంత మీ చేతిలో ఉంది. ఎగ్జిట్ స్టాంపు పడ్డాక కథ మారిపోతుంది. కాగితం ప్రకారం మీరు థాయ్‌లాండ్ వదిలేశారు, కంబోడియాలోకి ఇంకా వెళ్లలేదు. పోయిపెట్‌లో ఈ నడిమి జాగాలోనే క్యాసినోలు కట్టారు. థాయ్‌లాండ్‌లో క్యాసినోలకి చట్టం ఒప్పుకోదు కాబట్టి జూదగాళ్లకి అంతకంటే అనువైన చోటు లేదు. వీసా రన్‌కి వచ్చినవాడికి మాత్రం రెండు దేశాల మధ్య చిక్కుకుపోవడానికి అంతకంటే అనుకూలమైన చోటు లేదు.

అసలు ప్రమాదం మూడో కౌంటర్‌కీ నాలుగో కౌంటర్‌కీ మధ్య ఉంది. మీరు కంబోడియాలోకి వెళ్లి, అక్కడ ఎగ్జిట్ కొట్టించుకుని, థాయ్ కౌంటర్ దగ్గరికి వచ్చారు. అక్కడ కాదన్నారనుకోండి. మీ కంబోడియా టూరిస్టు వీసా సింగిల్ ఎంట్రీది, అది వాడేశారు. వెనక్కి వెళ్లాలంటే ఇంకో వీసా, ఇంకో ఫీజు, అసలు ఆ కౌంటర్ ఇంకా తెరిచే ఉండాలి. మీ ల్యాప్‌టాప్, బట్టలు, మందులు, అద్దె గది తాళం అవతల బ్యాంకాక్‌లో ఉంటాయి. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తామని చాలామంది చేతిసంచితో బయల్దేరతారు మరి.

విమానాశ్రయంలో అయితే ఇంత దిక్కులేని పరిస్థితి రాదు. ఎంట్రీ నిరాకరించిన ప్రయాణికుణ్ని తెచ్చిన చోటికి తిరిగి తీసుకెళ్లే బాధ్యత అంతర్జాతీయ విమానయాన నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్ మీద ఉంటుంది. అది మర్యాదగా ఉండదు, ఒక గదిలో గంటలకొద్దీ కూర్చోబెడతారు, కానీ ఎవరో ఒకరు మీకు జవాబుదారీ. నేల సరిహద్దులో మిమ్మల్ని తెచ్చింది వ్యాన్ డ్రైవర్. ఆయన మిగతా పదిమందినీ ఎక్కించుకుని వెళ్లిపోతాడు.

మనవాళ్లలో ఇంకో భ్రమ ఉంది. భారతీయులకి బాగా తెలిసిన సరిహద్దు నేపాల్‌ది. అక్కడ వీసా లేదు, స్టాంపు లేదు, రిక్షాలో కూడా దాటొచ్చు. 2025 సెప్టెంబర్‌లో నేపాల్ భగ్గుమని ఖాట్మండు విమానాశ్రయం మూతపడితే, అక్కడ చిక్కుకున్న తెలుగు యాత్రికుల్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో తెప్పించింది. సరిహద్దుకి దగ్గర్లో ఉన్న కొందరు నేల దారినే ఇండియాలోకి వచ్చేశారు. అక్కడ రోడ్డు కాపాడింది. ఆ అనుభవంతో అన్ని సరిహద్దుల్నీ అలాగే ఊహించుకుంటే దెబ్బతింటాం. పాకిస్థాన్ వైపు మనకే ఉన్న ఇంకో గేటు అట్టారీ. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో దాన్ని మూసేసినప్పుడు, సరైన కాగితాలతో దాటి వెళ్లినవాళ్లు మే 1 లోపు ఆ దారిన తిరిగి రావాలని గడువు పెట్టారు. ఒక్కోసారి అలా గడువైనా ఇస్తారు. చాలాసార్లు అదీ ఉండదు.

ఇంతకీ నాలుగో కౌంటర్ ఆఫీసర్ ఎందుకు కాదంటాడు? ఎంట్రీ అనేది మన హక్కు కాదు, ఆయన ఇచ్చే అనుమతి కాబట్టి. థాయ్‌లాండ్ 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం, 12వ సెక్షన్‌లో ఎవరిని రానివ్వకూడదో చెబుతుంది. బతకడానికి డబ్బు లేనివాళ్లు అందులో ఒక వర్గం. మనిషికి 20,000 బాట్ (థాయ్ కరెన్సీ) నగదు చూపించమనడం దీన్నుంచి వచ్చిందే. బ్యాంకు యాప్‌లో నిల్వ చూపిస్తానంటే ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు, నోట్లే ఉంచుకోవాలి.

నిజానికి వీసా రన్‌ని ఏ ప్రభుత్వమూ ఎప్పుడూ దీవించలేదు. చూసీ చూడనట్టు వదిలేసింది, అంతే. టూరిస్టులు రావాలి, డబ్బు ఖర్చుపెట్టాలి. ఆ ముసుగులో ఏళ్లకేళ్లు ఉండిపోయేవాళ్లు ఉంటే ఉంటారు. అయితే దేశంలో ఏదైనా కుదుపు వచ్చినప్పుడు మొదట బిగిసేది ఈ వదిలేసిన ముడే. 2008 నవంబర్ 25న ప్రభుత్వం దిగిపోవాలంటూ పసుపు చొక్కాల ఉద్యమకారులు బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయాన్ని ముట్టడించారు. వారం పైగా విమానాలు ఆగిపోయి లక్షల మంది ఇరుక్కుపోయారు. సరిగ్గా అదే తేదీ నుంచి నేల దారిన వచ్చేవాళ్లకి వీసా లేకుండా ఇచ్చే గడువు 30 రోజుల నుంచి 15 రోజులకి తగ్గింది. రెండూ కాకతాళీయమే, రూల్ ముందే అనుకున్నది. కానీ ఆకాశం మూసుకుపోయి నేల దారే దిక్కైన రోజునే ఆ దారి విలువ సగమైంది. ఇలాంటివి కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

2014 మేలో మళ్లీ అదే తంతు. వెళ్లి వెంటనే తిరిగొచ్చేవాళ్లని రానివ్వబోమని ఇమ్మిగ్రేషన్ ప్రకటించిన కొద్ది రోజులకే, మే 20న మార్షల్ లా, మే 22న సైనిక కుట్ర. రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. తెల్లవారుజామున బయల్దేరే వీసా వ్యాన్లకి ఆ కర్ఫ్యూ నేరుగా తగిలింది. జూన్‌లో కొత్త సైనిక ప్రభుత్వం పట్టుకుంటుందన్న భయంతో 2 లక్షల పైచిలుకు కంబోడియా కూలీలు కొద్ది వారాల్లోనే స్వదేశానికి పోటెత్తారు. వాళ్లలో ఎక్కువమంది దాటింది ఈ పోయిపెట్ గేటునే. గేటు తెరిచే ఉన్నా పని జరగదనడానికి ఇదే ఉదాహరణ. ఆ తర్వాత 2016 డిసెంబర్ 31 నుంచి వీసా లేకుండా నేల దారిన రావడం ఏడాదికి రెండుసార్లే అని రూల్ పెట్టారు. 2025 నవంబర్‌లో మళ్లీ బిగించి, సరైన కారణం లేకుండా రెండుసార్లకి మించి వీసా రన్ చేసినవాళ్లని వెనక్కి పంపుతామన్నారు.

రాజకీయ గొడవలన్నీ సరిహద్దు మీద ఒకేలా పనిచేయవు. వీసా రన్ చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రాజధానిలో ఊరేగింపులు, కుట్రలు జరిగినప్పుడు టీవీలో భయంకరంగా కనిపిస్తుంది గానీ, సరిహద్దు కౌంటర్లు చాలావరకు నడుస్తూనే ఉంటాయి. అక్కడిదాకా చేరడమే ఇబ్బంది. రెండు దేశాలు ఒకదాంతో ఒకటి గొడవపడితే మాత్రం గేటే ఆయుధం అవుతుంది. సైన్యం కదిలేకంటే ముందు గేటు మూస్తారు, ఎందుకంటే అది చవక, వెంటనే అవతలివాడి జేబుకి తగులుతుంది. 2003 జనవరిలో ఒక థాయ్ నటి అంగ్‌కోర్ వాట్ థాయ్‌లాండ్‌దే అన్నదని పుకారు పుట్టి, ప్నాంపెన్‌లో థాయ్ రాయబార కార్యాలయాన్ని తగలబెట్టారు. వెంటనే సరిహద్దు మూతపడింది, తెరవడానికి వారాలు పట్టింది. ఒక పుకారు చాలు.

మూడో రకం మరీ విచిత్రం: గేటు చేతులు మారడం. పశ్చిమాన మే సోట్‌కి ఎదురుగా ఉన్న మయన్మార్ ఊరు మ్యావడీ కూడా కోవిడ్‌కి ముందు వీసా రన్‌లకి పేరున్నదే. 2024 ఏప్రిల్‌లో కరెన్ తెగ తిరుగుబాటు దళాలు అక్కడి సైనిక స్థావరాన్ని పట్టుకున్నాయి. మిగిలిన సైనికులు కొందరు సరిహద్దు వంతెన కింద తలదాచుకున్నారు. ఇంకో రెండు వారాల్లోపే పరిస్థితి మళ్లీ తిరగబడింది. అలాంటి రోజున మీ పాస్‌పోర్టు మీద స్టాంపు వేసేది ఎవరు, ఆ స్టాంపుని అవతలివాడు లెక్కలోకి తీసుకుంటాడా? ఇమ్మిగ్రేషన్ అనేది ప్రభుత్వం ఉందన్న నమ్మకం మీద నడిచే వ్యవహారం.

ఇక క్యాలెండర్. గేటు మూసుకుంటుంది గానీ పాస్‌పోర్టులో తేదీ ఆగదు. థాయ్‌లాండ్‌లో గడువు దాటితే రోజుకి 500 బాట్ జరిమానా, ఎంత ఎక్కువైనా 20,000 బాట్ దాటదు. ఇది విని చాలామంది 'రెండ్రోజులకి వెయ్యి బాట్, ఏముందిలే' అనుకుంటారు. ఆ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. 2016 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, మీ అంతట మీరే వెళ్లి ఎగ్జిట్ కౌంటర్‌లో లొంగిపోతే, ఓవర్‌స్టే 90 రోజుల లోపు అయితే నిషేధం లేదు. అదే దేశం లోపల పట్టుబడితే, ఏడాది లోపు ఓవర్‌స్టే ఎన్ని రోజులైనా 5 ఏళ్ల పాటు దేశంలోకి రానివ్వరు. ఇప్పుడు గొడవల వేళ సరిహద్దు రోడ్డు ఎలా ఉంటుందో ఊహించండి. మామూలు రోజుల్లోనే ఆ దారిలో చెక్‌పోస్టులుంటాయి. ఉద్రిక్తత ఉంటే సైన్యంవీ, పోలీసులవీ ఇంకా పెరుగుతాయి. ఒక్కరోజు గడువు దాటిన పాస్‌పోర్టుతో గేటు వైపు వెళ్తున్న మనిషి తన దృష్టిలో లొంగిపోవడానికి వెళ్తున్నాడు. చెక్‌పోస్టులో ఉన్నవాడికి మాత్రం దొరికిపోయాడు. తేదీ దాటిపోతే సరిహద్దు రోడ్డు ఎక్కకుండా సరాసరి విమానాశ్రయానికి వెళ్లడమే మేలంటాను.

చివరి రోజున బయల్దేరే అలవాటే దీనికంతా మూలం. ముందే వెళ్తే మిగిలిన రోజులు వృథా అవుతాయని మనసు ఒప్పదు. పైగా వచ్చిన రోజుని కూడా థాయ్‌లాండ్ ఒకటో రోజుగానే లెక్కేస్తుంది, అది తెలియక ఒకరోజు తేడా పడేవాళ్లూ ఉంటారు. శాంతికాలంలో చివరి రోజున వెళ్లడం పొదుపు. సరిహద్దు వేళలు మారుతున్నాయని వార్త వచ్చాక చివరి రోజు దాకా ఆగడం జూదమే.

భారతీయ పాస్‌పోర్టుతో ఇంకో లెక్క చూసుకోవాలి. థాయ్‌లాండ్ 2024 జూలై 15న మనతో సహా 93 దేశాలవాళ్లకి వీసా లేకుండా 60 రోజులు ఇవ్వడం మొదలుపెట్టింది. పొరుగు దేశాలు అంత ఉదారంగా లేవు. కంబోడియాకి వీసా కావాలి, గేటు మూస్తే ఈ-వీసా ఫీజు తిరిగి రాదు. లావోస్‌కీ వీసా కావాలి. నాంగ్ ఖాయ్ దగ్గర 1994లో కట్టిన స్నేహ వంతెన దాటితే వియంటియాన్, అందుకే కంబోడియా దారి మూసుకున్నప్పుడు అందరి చూపూ అటు మళ్లుతుంది. మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకి 30 రోజులు వీసా లేకుండా ఇస్తోంది, కాగితాల పరంగా మనకి అదే తేలిక. అయితే దక్షిణాన కూడా దారి చూసుకోవాలి. పట్టానీ, యాలా, నరాతివాట్ రాష్ట్రాల్లో 2004 నుంచి తిరుగుబాటు సాగుతోంది. సుంగై కోలోక్ గేటు నరాతివాట్‌లోనే ఉంది. దానికంటే సడావో, పడాంగ్ బెసార్ మేలు.

ఉద్యోగం మీదో, కుటుంబం మీదో వచ్చినవాళ్లకి వేరే గండం ఉంది. ఏడాది ఎక్స్‌టెన్షన్ మీద ఉన్న మనిషి రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) తీసుకోకుండా ఎగ్జిట్ కొట్టించుకుంటే, ఆ ఎక్స్‌టెన్షన్ అక్కడితో పోతుంది. పర్మిట్ ఒకసారికి 1,000 బాట్, ఎన్నిసార్లయినా వెళ్లి రావాలంటే 3,800. స్నేహితుడికి తోడుగా సరదాగా సరిహద్దు చూడ్డానికి వెళ్లి దీన్ని పోగొట్టుకోవడం తెలివితక్కువ పని.

యుద్ధం మొదలైన మర్నాడు, 2025 జూలై 25న, బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం ఉబోన్ రచథాని, సురిన్, సిసాకెట్, బురిరామ్, సా కేయో, చంతబురి, త్రాట్ రాష్ట్రాల్లోని కొన్ని చోట్లకి వెళ్లొద్దని సూచించింది. అరణ్యప్రథేట్ ఉన్నది సా కేయోలోనే. ఇలాంటి సూచన వచ్చాక బీమా సంగతి కూడా మారిపోతుంది. చాలా ట్రావెల్ పాలసీల్లో యుద్ధం, అల్లర్లు మినహాయింపులో ఉంటాయి. వెళ్లొద్దన్న చోటికి తెలిసి వెళ్లారని క్లెయిమ్ తోసిపుచ్చే వీలూ ఉంటుంది.

పోయిపెట్ పేరు తెలుగు పత్రికల్లో కనిపించింది మాత్రం వీసా రన్‌ల వల్ల కాదు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక మనుషుల రవాణా ముఠా గుట్టు రట్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కుర్రాళ్లని బ్యాంకాక్ చేర్చి, అక్కణ్నుంచి కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. మయన్మార్ వైపు మ్యావడీ కథా అదే. అక్కడి శిబిరాల నుంచి బయటపడ్డ వందలాది భారతీయుల్ని 2025 మార్చిలో మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో తెచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. జూన్ 23న గేట్లు మూసినప్పుడు థాయ్ ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఈ స్కామ్ కేంద్రాలు ఒకటి. కాబట్టి చిన్న సంచితో ఒంటరిగా పోయిపెట్ వైపు వెళ్తున్న పాతికేళ్ల భారతీయుణ్ని చూస్తే కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్‌కి ఏ అనుమానం వస్తుందో చెప్పక్కర్లేదు. ఆ అనుమానం మీద కోప్పడటం కంటే తిరుగు టికెట్, గది బుకింగ్, నగదు దగ్గర పెట్టుకోవడం నయం. ఇంకొకటి: మీ వీసా రన్ సంగతి మేం చూసుకుంటాం అంటూ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకునే ఏజెంటు వ్యాన్ ఎక్కకండి, బయట గొడవలున్నా లేకున్నా.

గేటు మూసుకున్నాక మిగిలే దారుల్లో అన్నిటికంటే నీరసంగా కనిపించేదే ఎక్కువసార్లు గట్టెక్కిస్తుంది. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి 1,900 బాట్ కట్టి, టూరిస్టు గడువుని 30 రోజులు పొడిగించుకోవడం. ఎగ్జిట్ స్టాంపు లేదు, నడిమి జాగా లేదు, నాలుగు కౌంటర్ల బదులు ఒక్కటే. క్యూలో పూట పోతుంది. బ్యాంకాక్‌లో ఆ ఆఫీసు చాంగ్ వత్తనలో ఉంది, ఊరికి ఓ చివర. దానికంటే వీసా రన్‌లో సరదా ఉందనేది నిజమే, ఒక దేశం చూసొచ్చినట్టూ ఉంటుంది. ఆ సరదా శాంతిగా ఉన్న సరిహద్దుకి. పొడిగింపు ఒకసారి వాడేసినవాళ్లకి విమానమే గతి. 2025లో నేల గేట్లు మూతపడ్డాక కూడా బ్యాంకాక్, ప్నాంపెన్ మధ్య విమానాలు తిరిగాయి. ఖర్చు వ్యాన్‌కి ఎన్నో రెట్లు, అయినా నాలుగు కౌంటర్లూ చల్లగా పనిచేసే చోట ఉంటాయి.

జూలై 28న మలేషియాలోని పుత్రజయలో తొలి కాల్పుల విరమణ కుదిరింది. అక్టోబర్ 26న కౌలాలంపూర్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సమక్షంలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. నవంబర్‌లో మందుపాతర పేలి థాయ్ సైనికులు గాయపడటంతో థాయ్‌లాండ్ దాన్ని పక్కన పెట్టింది, డిసెంబర్ 8కల్లా మళ్లీ యుద్ధం. డిసెంబర్ 27 మధ్యాహ్నం 12 గంటల నుంచి మరో విరమణ. ఈ చివరి ఒప్పందం మీద ఇద్దరు రక్షణ మంత్రులూ సంతకాలు చేసింది చంతబురి రాష్ట్రంలో, బాన్ పక్కాడ్ సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర. పట్టాయా వైపు నుంచి వీసా రన్ వ్యాన్లు వెళ్లే గేట్లలో అదొకటి. ఆ రోజు అక్కడ బల్లలు వేశారు, జెండాలు పెట్టారు, పెన్నులు చేతులు మారాయి. స్టాంపు కౌంటర్లు మాత్రం తెరవలేదు.